వైద్యశాలల్లో అంటువ్యాధులు ప్రబలినప్పుడు: గుర్తింపు, దర్యాప్తు, అదుపు చర్యలు

మనుబోలు (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా): నెల్లూరు, గూడూరు పట్టణాల నడుమ జాతీయ రహదారిపై ఉన్న మనుబోలు మండలంలో ఒక గర్భిణి పేరు ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో నమోదవుతుంది. కాన్పు గూడూరులో జరగవచ్చు, లేదా నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో జరగవచ్చు. స్తోమత ఉన్నవారు చెన్నై వరకు వెళ్లడం కూడా ఈ ప్రాంతంలో కొత్త కాదు. నాలుగైదు రోజులకు ఇంటికి చేరిన బాలింతకు కుట్ల వద్ద చీము పడితే, ఆమె కాన్పు జరిగిన ఆసుపత్రికే తిరిగి వెళుతుందన్న హామీ లేదు. ఊరిలోని ఆర్.ఎం.పి. వద్ద కట్టు కట్టించుకుంటుంది. తగ్గకపోతే మరో ఆసుపత్రికి పోతుంది. అదే థియేటరులో, అదే వారంలో శస్త్రచికిత్స జరిగిన మరో ఇద్దరికి వేరే ఊళ్లలో ఇదే జరిగినా ఆ ముగ్గురి పేర్లూ మూడు వేర్వేరు రిజిస్టర్లలో మిగిలిపోతాయి. ఏ ఒక్క వైద్యాధికారికీ అది వరుస సంఘటనగా కనిపించదు.

వైద్యశాలల్లో సోకే వ్యాధులు ప్రబలినప్పుడు జరపవలసిన దర్యాప్తులో మొదటి చిక్కు ఇదే. పెద్ద బోధనాసుపత్రిలో వార్డులోనే పట్టుబడే విషయం చిన్న ఆసుపత్రుల విషయంలో గ్రామాలలో బయటపడుతుంది. కనుక దర్యాప్తు తరచు సూక్ష్మజీవ శాస్త్రవేత్తతో కాక, ఇంటింటికి తిరిగే ఆశా కార్యకర్తతో, ఏ.ఎన్.ఎం.తో మొదలవుతుంది.

ఆసుపత్రిలో చేరే నాటికి రోగిలో లేని, పొదుగుదలలో కూడా లేని వ్యాధి, చేరిన 48 గంటల తరువాత కనిపిస్తే దానిని సాధారణంగా ఆసుపత్రిలో సోకిన వ్యాధిగా పరిగణిస్తారు. శస్త్రచికిత్స గాయం విషయంలో ఈ గడువు 30 రోజులు. శరీరంలో కృత్రిమ పరికరాన్ని అమర్చిన కొన్ని శస్త్రచికిత్సలకు 90 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఆసుపత్రులలో చేరే ప్రతి 100 మందిలో అధికాదాయ దేశాలలో 7 గురికి, అల్ప, మధ్యాదాయ దేశాలలో 15 మందికి కనీసం ఒక వ్యాధి ఈ విధంగా సోకుతున్నది. వీటిలో అధిక భాగం చేతుల శుభ్రత వంటి మామూలు జాగ్రత్తలతో నివారించగలిగినవే.

అయితే ఆసుపత్రిలో సోకిన ప్రతి వ్యాధీ 'ప్రబలడం' కిందకు రాదు. ఒక వార్డులో నెలకు ఇద్దరు ముగ్గురికి గాయం చీము పట్టడం మామూలైతే, ఒకే వారంలో ఆరుగురికి పట్టడం ప్రబలినట్లు లెక్క. కొన్నింటి విషయంలో ఒక్క కేసు కూడా ఎక్కువే. శస్త్రచికిత్స అనంతరం ధనుర్వాతం, నిఫా, కంటి ఆపరేషను మరునాడు కనుగుడ్డు లోపల చీము — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండో కేసు కోసం వేచి ఉండరాదు. మామూలు సంఖ్య ఎంతో తెలియాలంటే మామూలు రోజులలో లెక్క రాసి ఉండాలి. చాలా ఆసుపత్రులలో రికార్డు లేనిది సరిగ్గా ఈ విషయంలోనే.

ఇబ్రహీంపట్నం అనుభవం

తెలుగు రాష్ట్రాలలో ఇటీవలి కాలంలో ఈ అంశాన్ని అందరి దృష్టికీ తెచ్చినది తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో జరిగిన సంఘటన. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 2022 ఆగస్టు 25న నిర్వహించిన శిబిరంలో 34 మంది మహిళలకు లాపరోస్కోపు పద్ధతిలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిపారు. ఇళ్లకు వెళ్లిన వారిలో కొందరికి వాంతులు, కడుపు నొప్పి, నీరసం మొదలయ్యాయి. కొద్ది రోజుల వ్యవధిలో నలుగురు మరణించారు. మిగిలిన 30 మందినీ హైదరాబాదులోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయించగా వారు కోలుకున్నారు. ప్రభుత్వం ప్రజారోగ్య సంచాలకుని ఆధ్వర్యంలో విచారణ జరిపించి, సెప్టెంబరులో పలువురు వైద్యులు, సిబ్బందిపై క్రమశిక్షణ చర్యలు తీసుకున్నది. ఇన్ఫెక్షన్ నివారణ ప్రమాణాలను పాటించడంలో జరిగిన లోపమే ఆ విచారణలో ప్రధానంగా చర్చకు వచ్చింది.

ఈ సంఘటనలో దర్యాప్తు అధికారులు గమనించవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది, లక్షణాలు. శస్త్రచికిత్స జరిగిన రెండు మూడు రోజులకు వాంతులు, విరేచనాలతో వచ్చిన మహిళను చూసిన వైద్యునికి తొలుత తోచేది కలుషితాహారమే. గాయం పైకి ఎర్రబడకపోవచ్చు, చీము కారకపోవచ్చు. రక్తంలో విషం వ్యాపించే స్థితి అతిసారం రూపంలో తల ఎత్తగలదు. అందుచేత శస్త్రచికిత్స జరిగి 30 రోజులు దాటని ఏ రోగి ఏ ఫిర్యాదుతో వచ్చినా, మొదటి ప్రశ్న ఆపరేషను ఎక్కడ, ఏ తేదీన జరిగినదన్నదే కావాలి.

రెండవది, మిగిలిన 30 మందిని వెతికి పట్టుకొనడం. ఎవరు జబ్బు పడ్డారో వారికి మాత్రమే కాక, అదే రోజు అదే బల్లపై శస్త్రచికిత్స జరిగిన వారందరికీ ముప్పు ఉన్నదని భావించి, లక్షణాలు లేని వారిని సైతం ఇళ్ల నుండి పిలిపించి పరిశీలనలో ఉంచడం అదుపు చర్యలన్నిటిలోకీ ముఖ్యమైనది. శిబిరం రిజిస్టరులో ఊరు, ఇంటి పెద్ద పేరు, ఫోను నంబరు సరిగా రాసి ఉంటే ఇది ఒక రాత్రిలో జరిగే పని. రాసి లేకపోతే ఆ రాత్రి ఎవరి ప్రాణమైనా పోవచ్చు.

శిబిరాల గురించి ఇంతకు ముందే హెచ్చరికలు ఉన్నాయి. 2012 జనవరిలో బీహారులోని అరారియా జిల్లాలో ఒక పాఠశాల భవనంలో రెండు గంటల వ్యవధిలో 53 మంది మహిళలకు ఈ శస్త్రచికిత్సలు జరిపారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపంలో ఒకే శిబిరంలో 83 మందికి శస్త్రచికిత్స చేయగా 13 మంది మరణించారు. దేవికా బిశ్వాస్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న తీర్పునిస్తూ, శిబిరాల పద్ధతిని మూడేళ్లలో విరమించి, ఆరోగ్య కేంద్రాలలోనే నిర్ణీత దినాలలో ఈ సేవలు అందించాలని సూచించింది. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఒక బృందం ఒక రోజున మూడు లాపరోస్కోపులతో 30కి మించి శస్త్రచికిత్సలు చేయరాదు.

ఈ 30 అంకె వెనుక ఉన్న లెక్క చాలా సరళమైనది. ఒక లాపరోస్కోపును ఒక రోగి నుండి మరో రోగికి వాడే ముందు కడిగి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు మునిగేలా ఉంచి, శుద్ధి చేసిన నీటితో తొలిచి తీయాలి. ఇది అధిక స్థాయి క్రిమినిర్మూలన మాత్రమే. అదే ద్రావణంతో పూర్తి స్థాయి శుద్ధి కావాలంటే సుమారు 10 గంటలు పడుతుంది. కడగడం, నానబెట్టడం, తొలవడం, శస్త్రచికిత్స అన్నీ కలిపితే ఒక పరికరంతో గంటకు రెండుకు మించి సాధ్యం కాదు. శిబిరం ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసినది, పరికరాలు ఎన్ని ఉన్నవి అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే, ప్రయోగశాల నివేదిక రాకముందే దర్యాప్తు సగం ముందుకు సాగినట్లే. విలేకరులు సైతం అడగదగిన ప్రశ్నలు ఇవే.

ఆధారాలను భద్రపరచడం

వైద్యశాలలో వ్యాధి ప్రబలినదన్న అనుమానం రాగానే సిబ్బందికి కలిగే తొలి ప్రేరణ థియేటరును కడిగివేయడం, మిగిలిన సెలైన్ సీసాలను పారవేయడం, పరికరాలను మళ్లీ మరిగించడం. ఉద్దేశం మంచిదే అయినా దీనివలన కారణం శాశ్వతంగా మరుగున పడుతుంది. ముందుగా థియేటరును మూసి, తాళం వేసి, వాడిన, వాడని మందులన్నిటినీ బ్యాచ్ నంబర్లతో జాబితా రాసి, నమూనాలు సేకరించిన మీదటే శుద్ధి చేపట్టాలి. సగం వాడిన సీసా ఎంత విలువైనదో, అదే పెట్టెలోని తెరవని సీసా అంతకంటే విలువైనది.

హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో 2016 జూన్ 30న శుక్లాల ఆపరేషన్లు చేయించుకున్న వారిలో 13 మందికి మరునాటికల్లా కంటిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ కనిపించింది. కొందరు చూపు కోల్పోయారు. శస్త్రచికిత్సలో కంటిని కడిగేందుకు వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలో క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి ఉన్నట్లు పరీక్షలలో తేలడంతో ఆ ద్రావణం వాడకాన్ని నిలిపివేశారు. ఇక్కడ అనుమానం సర్జను చేతులపైనా, పరికరాలపైనా, థియేటరు గాలిపైనా పడగల అవకాశం ఉన్నది. ద్రావణం నమూనాలు దొరకకపోయి ఉంటే అదే జరిగేది. కలుషితమైన ద్రావణం మరికొన్ని ఆసుపత్రులలో వాడుకలోనే మిగిలేది.

మందులపై అనుమానం ఉన్నప్పుడు ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరును వెంటనే పిలిపించవలసి ఉంటుంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం నమూనాను భాగాలుగా విభజించి, సీలు వేసి, రసీదుపై తీసుకుంటేనే అది న్యాయస్థానంలో నిలుస్తుంది. వార్డు సిస్టరు చేతి సంచిలో ప్రయోగశాలకు చేరిన సీసా వైద్యపరంగా ఉపయోగపడవచ్చు గాని చట్టపరంగా ఉపయోగపడదు. రెండు అవసరాలకూ రెండు వేర్వేరు నమూనాలు తీయడం మంచిది.

బిలాస్‌పూర్ సంఘటన మరో హెచ్చరిక చేస్తున్నది. శస్త్రచికిత్స అనంతరం మహిళలకు ఇచ్చిన మాత్రలలో ఎలుకల మందు కలిసినదన్న అనుమానాన్ని అధికారులు మొదటి వారంలోనే ప్రకటించారు. మరో వైపు శవపరీక్షలు ఇన్ఫెక్షన్‌ను సూచించాయి. మాత్రలపై దృష్టి పడినంతకాలం పరికరాల శుద్ధి సంగతి వెనుకబడింది. ఒక కారణం దొరికినంత మాత్రాన రెండవదానిని వెతకడం ఆపరాదు. నిర్ధారణ కాని కారణాన్ని ప్రకటించడంలో తొందర కూడా తగదు.

దర్యాప్తు క్రమం

ప్రయోగశాల నివేదిక వచ్చేందుకు రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు చేతులు కట్టుకొని కూర్చోనవసరం లేదు. కాగితం, కలంతో చేయగల పని చాలా ఉన్నది.

ముందుగా 'కేసు' అంటే ఏమిటో ఒక్క వాక్యంలో నిర్వచించుకోవాలి. ఉదాహరణకు: ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు ఫలానా థియేటరులో శస్త్రచికిత్స జరిగి, 30 రోజులలోపు జ్వరం గాని, గాయంలో చీము గాని, తీవ్రమైన కడుపు నొప్పి గాని కనిపించిన వ్యక్తి. నిర్వచనం తొలుత విశాలంగా ఉండాలి, తరువాత బిగించవచ్చు. దానిని అనుసరించి జాబితా తయారు చేయాలి: వయసు, ఊరు, చేరిన తేదీ, శస్త్రచికిత్స జరిగిన గంట, వరుసలో ఎన్నవ వారు, బల్ల, సర్జను, మత్తు వైద్యుడు, సహాయకులు, పరికరాల సెట్టు, సెలైన్ బ్యాచ్, మొదటి లక్షణం కనిపించిన తేదీ, గంట. వరుసలో ఎన్నవ వారన్నది చాలామంది రాయరు. రోజులో మొదటి నలుగురు క్షేమంగా ఉండి, ఆ తరువాతి వారందరూ జబ్బు పడితే, ఉదయం శుద్ధి సక్రమంగా జరిగి మధ్యలో ఏదో తప్పినదని అది ఒక్కటే చెప్పగలదు.

తరువాత జబ్బు పడిన వారితో పాటు పడని వారి వివరాలు కూడా సేకరించాలి. ఇక్కడే చాలా విచారణలు కుంటుపడతాయి. ఒక రోజున 20 మందికి శస్త్రచికిత్స జరిగినదనుకుందాం. వారిలో 12 మందికి మొదటి సెట్టు పరికరాలు వాడగా 5 గురికి ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండవ సెట్టు వాడిన 8 మందిలో ఒక్కరికీ రాలేదు. మొదటి సెట్టుపై అనుమానం బలపడుతుంది. జబ్బు పడిన ఐదుగురి కేసు షీట్లు మాత్రమే తెప్పించి చూస్తే, వారందరికీ ఒకే సర్జను, ఒకే సెలైన్, ఒకే సెట్టు కనిపిస్తాయి. ఏది కారణమో తేలదు. క్షేమంగా ఉన్న 15 మంది కేసు షీట్లలోనే సమాధానం ఉన్నది.

తేదీల వారీగా కేసులను చిన్న పటంగా గీస్తే మరికొంత తెలుస్తుంది. అందరూ ఒకటి రెండు రోజుల తేడాతో జబ్బు పడితే కారణం ఒకే చోట, ఒకే పూట ఉన్నట్లు. ఒకరి తరువాత ఒకరుగా కొన్ని రోజుల ఎడంతో పడుతూ పోతే వ్యాధి మనిషి నుండి మనిషికి, అనగా సిబ్బంది చేతుల ద్వారానో, గాలి ద్వారానో పాకుతున్నట్లు. నవజాత శిశువుల ప్రత్యేక వార్డులలో ఈ రెండవ రకమే అధికం. అక్కడ ఒకే తొట్టెలో ఇద్దరు శిశువులను పడుకోబెట్టవలసి వచ్చే రోజులను కూడా జాబితాలో చేర్చాలి.

నమూనాల విషయంలో సంయమనం అవసరం. థియేటరు గోడలు, నేల, కిటికీల నుండి వందల కొద్దీ స్వాబులు తీసి పంపడం ఆనవాయితీగా మారింది. ఎక్కడ వెతికినా ఏదో ఒక సూక్ష్మజీవి దొరుకుతుంది; దానికీ రోగి రక్తంలో ఉన్నదానికీ సంబంధం ఉన్నదని నిరూపించలేనప్పుడు ఆ స్వాబు ఎవరికీ ఉపకరించదు. ముందు రోగి రక్తం, చీము నమూనాలు యాంటీబయాటిక్ మొదలు పెట్టకముందే తీయాలి. ఆ తరువాత జాబితా ఎటు వేలు చూపితే అటు వెతకాలి.

మనుబోలు వంటి మండలంలో ఈ కల్చర్ పరీక్షలు అందుబాటులో ఉండవు. 2014లో ప్రారంభమైన నెల్లూరులోని ఏ.సి. సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల సూక్ష్మజీవ శాస్త్ర విభాగం, తిరుపతిలోని స్విమ్స్, ఎస్.వి. వైద్య కళాశాల దగ్గరలోనివి. నమూనా ఎప్పుడు తీశారు, ఏ ఉష్ణోగ్రతలో పంపారు, ఎన్ని గంటలకు చేరింది అన్న వివరాలు సీసాపైనే రాయాలి. వేసవిలో రక్తపు కల్చర్ సీసాను శీతల పెట్టెలో పెట్టి పంపడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. దానిని గది ఉష్ణోగ్రతలోనే పంపాలి.

అదుపు చర్యలు

కారణం తేలేవరకు ఆగకుండా, అనుమానం కలిగిన గంటలోనే అదుపు చర్యలు మొదలు కావాలి. అత్యవసరం కాని శస్త్రచికిత్సలను నిలిపివేసి, అనుమానిత మందుల బ్యాచ్‌ను పక్కన పెట్టి, రోగులను వేరుచేసి, వారికి కేటాయించిన సిబ్బందిని ఇతర వార్డులకు పంపకుండా చూడాలి. అన్నిటికంటే పాత చర్య చేతులు కడుక్కొనడం. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించగా, నెలకు 10 శాతం దాటిన బాలింత మరణాలు 2 శాతం దరిదాపులకు దిగాయి. సబ్బు నీటితో 40 నుండి 60 సెకన్లు, ఆల్కహాలు ద్రావణంతో 20 నుండి 30 సెకన్లు పట్టే ఈ పని నేటికీ హాజరు పట్టీ కంటే తక్కువ శ్రద్ధతో సాగుతున్నది. ద్రావణం సీసా మంచం పక్కనే లేకుండా వార్డు చివర గోడకు తగిలించి ఉంటే అది వాడుకలోకి రాదు.

పరికరాల శుద్ధిలో ఆటోక్లేవ్‌దే ప్రధాన పాత్ర. 121 డిగ్రీల సెల్సియస్ వేడి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి వద్ద, విడిగా ఉన్న పరికరాలకు 20 నిమిషాలు, గుడ్డలో చుట్టిన వాటికి 30 నిమిషాలు కావాలి. లెక్క ఒత్తిడి చేరిన తరువాత మొదలవుతుంది, స్విచ్చి వేసినప్పటి నుండి కాదు. రంగు మారే పట్టీ వేడి తగిలినదని చెబుతుంది గాని క్రిములు చచ్చాయని చెప్పదు. అందుకు జీవ సూచిక పరీక్ష వారానికి ఒకసారి జరపాలి. కరెంటు మధ్యలో పోతే ఆ విడత మొత్తం మళ్లీ మొదలు పెట్టాలి. నెల్లూరు తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానుల కాలంలో ఇది తరచు ఎదురయ్యే సమస్య. అలాగే ఉప్పదనం ఉన్న బోరు నీటిని ఆటోక్లేవ్‌లో పోస్తే తెల్లటి పొర కట్టి యంత్రం సరైన ఒత్తిడిని చేరుకోదు. దర్యాప్తు బృందం విద్యుత్ అంతరాయాల వివరాలను శాఖ నుండి తెప్పించుకొని ఆటోక్లేవ్ లాగ్ పుస్తకంతో సరిపోల్చడం ఎంతో ఉపయోగకరం. కరెంటు లేని గంటలో ఆటోక్లేవ్ విజయవంతంగా నడిచినట్లు పుస్తకంలో రాసి ఉంటే మిగతా పేజీలను కూడా అదే చూపుతో చదవవలసి ఉంటుంది.

గాలి, తుంపరల ద్వారా పాకే వ్యాధుల విషయం వేరు. కేరళలోని కోజికోడ్ జిల్లాలో 2018 మేలో నిఫా ప్రబలినప్పుడు తొలి రోగి మొదట పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలోను, తరువాత కోజికోడ్ వైద్య కళాశాల ఆసుపత్రిలోను చికిత్స పొందాడు. తరువాత సోకిన వారిలో అత్యధికులకు సోకినది ఆసుపత్రిలోనే. అతనిని స్కానింగుకు తెచ్చినప్పుడు రేడియాలజీ విభాగం వద్ద వేచి ఉన్నవారు సైతం వారిలో ఉన్నారు. పేరాంబ్ర ఆసుపత్రిలో సేవ చేసిన నర్సు లినీ ఆ వ్యాధితోనే మరణించారు. వార్డులో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, రోగిని నడవా గుండా తీసుకుపోయే స్ట్రెచరు, వేచి ఉండే బల్ల, తోడుగా వచ్చిన బంధువు జాబితాలో లేకపోతే ఫలితం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి 12న కోవిడ్ తొలి కేసు నిర్ధారణ అయినది నెల్లూరులోనే కావడంతో, జ్వరంతో వచ్చిన వారిని ద్వారం వద్దనే వేరుచేయడం ఈ జిల్లా ఆసుపత్రులకు ముందుగానే పరిచయమైన పద్ధతి.

సూదుల ద్వారా పాకే వ్యాధులు నెమ్మదిగా బయటపడతాయి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి ప్రబలి పలువురు మరణించినప్పుడు, వాడిన సిరంజీలను మళ్లీ వాడటం బయటపడింది. పొదుగుదల కాలం నెలల తరబడి ఉండే వ్యాధి గనుక అటువంటి సందర్భాలలో మూడు నుండి ఆరు నెలల వెనుకటి రిజిస్టర్లను పరిశీలించాలి. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు సూదులు, పదునైన వాటిని తెల్లని పారదర్శక డబ్బాలలో, సిరంజీలు, గొట్టాలను ఎర్ర సంచులలో వేయాలని నిర్దేశిస్తున్నాయి. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. వ్యర్థాలు తీసుకుపోయే వాహనం రెండు రోజులు రాలేదంటే అది పారిశుద్ధ్య సమస్య మాత్రమే కాదు.

సమాచారం అందజేయడం

సమగ్ర వ్యాధి నిఘా పథకం 2004లో ప్రారంభమైనప్పుడు తొలి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఉన్నది. ఏ.ఎన్.ఎం.లు లక్షణాల ఆధారంగా, వైద్యాధికారులు అనుమానిత నిర్ధారణ ఆధారంగా, ప్రయోగశాలలు పరీక్షల ఆధారంగా వేర్వేరు నమూనాలలో వివరాలు పంపే ఈ విధానం 2021 నుండి ఆన్‌లైన్ వేదికపైకి మారింది. జిల్లా నిఘా అధికారికి సమాచారం అందిన వెంటనే సత్వర స్పందన బృందం బయలుదేరుతుంది. అయితే ఈ విధానం ప్రధానంగా గ్రామాలలో ప్రబలే అతిసారం, జ్వరాల కోసం రూపొందినది. శస్త్రచికిత్స గాయాల ఇన్ఫెక్షన్ దానిలో సహజంగా పడదు. కనుక వైద్యాధికారి ఫోను ద్వారా జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి తెలియజేసి, ఆ సమయాన్ని రిజిస్టరులో రాయడం ఇప్పటికీ అవసరం. ప్రైవేటు ఆసుపత్రులు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ పొందవలసి ఉన్నందున, వాటి రికార్డులను పరిశీలించే అధికారం సంబంధిత అధికారులకు ఉన్నది.

శిక్షల భయం సమాచారాన్ని అణచివేస్తుందన్నది విచారణ అధికారులందరూ ఎరిగిన విషయం. మొదటి రోజున స్టాఫ్ నర్సు, థియేటరు సహాయకుడు, ఎం.ఎన్.ఓ. చెప్పేదే అసలు జరిగినదానికి దగ్గరగా ఉంటుంది. సస్పెన్షన్ ఉత్తర్వులు వెలువడిన తరువాత ఎవరూ నోరు విప్పరు. వ్యాధి కారణాన్ని కనుగొనే దర్యాప్తును, బాధ్యతను నిర్ణయించే క్రమశిక్షణ విచారణను వేర్వేరు అధికారులకు అప్పగించడం ఇందుకే మేలు.

పత్రికల భాషలో ఇటువంటి ప్రతి సంఘటనా 'ఆపరేషన్ వికటించి' అన్న రెండు మాటలతో మొదలవుతుంది. కొన్నాళ్లకు కారణం తెలియని ప్రతి జబ్బూ 'వింత వ్యాధి' అవుతుంది. ఈ మాటలు తప్పు కాదు గాని వాటిలో సమాచారం లేదు. ఎందరికి శస్త్రచికిత్స జరిగింది, వారిలో ఎందరికి జబ్బు చేసింది, మిగిలిన వారి ఆచూకీ దొరికినదా, శస్త్రచికిత్సలు నిలిపివేశారా, రోగులు ఏ లక్షణాలు కనిపిస్తే ఎక్కడకు రావాలి — పాఠకులకు వెంటనే కావలసినవి ఇవి. అధికారులు రోజుకు ఒక నిర్ణీత వేళలో, ఒకే వ్యక్తి ద్వారా, తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియనట్లు చెబితే వదంతులకు చోటు తగ్గుతుంది. రోగుల పేర్లు, ఫొటోలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నారన్న వివరం వారి అనుమతి లేకుండా ప్రచురించడం సమంజసం కాదు.

వ్యాధి ముగిసినదని ప్రకటించేందుకు చివరి కేసు తరువాత ఆ వ్యాధి గరిష్ఠ పొదుగుదల కాలానికి రెట్టింపు రోజులు కొత్త కేసు లేకుండా గడవడాన్ని సాధారణంగా ప్రమాణంగా తీసుకుంటారు. నిఫాకు ఇది 42 రోజులు. శస్త్రచికిత్స గాయాల విషయంలో మూసిన థియేటరును తిరిగి తెరిచే ముందు ఆటోక్లేవ్ జీవ సూచిక పరీక్ష, ద్రావణాల మార్పు, సిబ్బందికి పునశ్చరణ శిక్షణ పూర్తయినట్లు ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ సంతకం చేయాలి. తెరిచిన తరువాతి 30 రోజులలో శస్త్రచికిత్స జరిగిన ప్రతి రోగినీ 3వ, 7వ, 30వ రోజున ఆశా కార్యకర్త ఇంటి వద్ద చూసి, గాయం స్థితిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. ఆ కేంద్రం నుండి శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రికి ఆ వివరం చేరేందుకు ఒక బాధ్యుని పేరు, ఫోను నంబరు ముందుగానే నిర్ణయించి ఇరువైపులా గోడపై రాసి ఉంచాలి.